మోర్స్ మ్యూజియం, వింటర్ పార్క్: గాజు పని చూడాలంటే ఇక్కడికే వెళ్ళాలి

అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో అనగానే అందరూ థీమ్ పార్కుల లెక్కలే వేసుకుంటారు. పక్కనే వింటర్ పార్క్ అనే చిన్న ఊళ్ళో చార్ల్స్ హోస్మర్ మోర్స్ మ్యూజియం ఉంది. రంగు గాజు పనికి పేరుపడ్డ అమెరికన్ కళాకారుడు లూయీ కంఫర్ట్ టిఫనీ చేసినవి, చేయించినవి చూడాలంటే దీన్ని మించిన చోటు లేదు. నేను చాలా ఏళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు తను పట్టుబట్టి తీసుకెళ్ళింది. చేతిపని తెలిసినవాళ్ళకి అక్కడి నుంచి కాళ్ళు కదలవు.

ముందు చాపెల్, అంటే చిన్న ప్రార్థనా మందిరం చూడండి. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం టిఫనీ చేసినది. లోపల వెలుతురు తక్కువ, కాసేపు ఏమీ కనబడదు. తొందరపడి బయటికి రాకండి, బెంచీ మీద కూర్చోండి. మెల్లగా స్తంభాలు తేలతాయి, వాటి చుట్టూ గాజు మొజాయిక్. తర్వాత బలిపీఠం వెనక గోడ మీద నెమళ్ళు. నేను అటూ ఇటూ తల తిప్పి చూశాను. ఒక పక్క నుంచి నీలంగా ఉన్న ఈక ఇంకో పక్కకి జరిగితే ఆకుపచ్చలోకి వెళ్ళిపోతోంది. పైన శిలువ ఆకారంలో పెద్ద దీపం వేలాడుతూ ఉంటుంది. ఇంత ఆడంబరం ఉన్నా కళ్ళు చెదరవు, ఎందుకంటే వెలుతురంతా గాజులోంచి వడకట్టినట్టే వస్తుంది.

ఈ చాపెల్ పడిన అగచాట్లు తెలుసుకుని చూస్తే ఇంకా బాగుంటుంది. ప్రదర్శన అయ్యాక న్యూయార్క్‌లో ఒక కెథీడ్రల్ (పెద్ద చర్చి) నేలమాళిగలో పెట్టారు. అక్కడ తేమకి పాడైపోతుంటే టిఫనీయే వెనక్కి తెచ్చుకుని, లాంగ్ ఐలాండ్‌లో తన లారెల్టన్ హాల్ ఆవరణలో మళ్ళీ నిలబెట్టాడు. ఆ ఇల్లు మామూలు ఇల్లు కాదు, 84 గదులు. 1914లో సుమారు 150 మందిని పిలిచి నెమళ్ళ విందు చేశాడంటే ఆయన దర్జా ఊహించుకోండి. కానీ ఫ్యాషన్ మారిపోయింది. 1932లో ఆయన గాజు కంపెనీ దివాలా తీసింది, మరుసటి ఏడాది ఆయన పోయాడు. 1946లో ఇంట్లో సామానంతా వేలం వేశారు, 1957లో ఇల్లు కాలిపోయింది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఉండి బొమ్మలు వేయడం నేర్చుకున్న హ్యూ మెక్కీన్, ఆయన భార్య జెనెట్ వెళ్ళి ఆ శిథిలాల్లోంచి దొరికినవి కొన్నారు. అందరూ చెత్త అనుకున్నదాన్ని డబ్బు పోసి తెచ్చి దాచిపెట్టారు. చాపెల్ 1999లో ఇక్కడ తెరిచారు. ఆ దంపతులకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

రంగు గాజు విండోల దగ్గర నేను ఎక్కువసేపు ఆగింది గుడ్డ మడతలు చూడటానికి. దేవదూతల వస్త్రాల మడతలు రంగుతో గీసినవి కావు. గాజు వేడిగా, మెత్తగా ఉన్నప్పుడే నొక్కి మడతలు తెచ్చారు. మడత మందంగా ఉన్నచోట రంగు చిక్కబడుతుంది, పల్చగా ఉన్నచోట తేలిపోతుంది. బ్లౌజు మీద నీడ రావాలంటే మేం రెండు మూడు షేడ్ల దారాలు కలుపుతాం. ఇక్కడ ఒకే గాజు ఆ పని చేసేసింది. ముఖాలు, చేతులు మాత్రం కుంచెతో వేసినవే, అవి నాకు అంతగా ఆనలేదు.

దీపాల విషయంలో ఒక సంగతి తెలిసి వెళ్ళండి. విస్టీరియా అనే తీగ పూల గుత్తుల్లా చేసిన దీపం గొడుగులో దాదాపు 2,000 గాజు ముక్కలుంటాయి. ఒక్కో ముక్క అంచుకి సన్నటి రాగి రేకు చుట్టి, టంకంతో అతికించాలి. ఆ డిజైన్ టిఫనీది కాదు, క్లారా డ్రిస్కాల్‌ది. ఆవిడ కింద ఆడవాళ్ళ విభాగం ఒకటి గాజు ఎంచి, కోసే పని చేసేది. పెళ్ళయితే అక్కడ ఉద్యోగం ఉండేది కాదు. క్లారా పెళ్ళి చేసుకుని మానేసింది, భర్త పోయాక తిరిగి వచ్చింది, 1909లో మళ్ళీ పెళ్ళికి శాశ్వతంగా మానేసింది. ఇంటికి రాసిన ఉత్తరాలు బయటపడి, 2007లో న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టేదాకా ఆవిడ పేరు జనానికి తెలియదు. టిఫనీ గొప్ప కన్ను ఉన్నవాడు, అందులో సందేహం లేదు. కానీ ఏ ముక్కలో ఏ నీలం పడాలో వెతికిన ఆ అమ్మాయిల పేర్లు కూడా ప్రతి దీపం పక్కన పెద్ద అక్షరాలతో ఉండాలని నా పట్టుదల.

లోటు చెప్పాలంటే ఒకటే. విండోలకి వెనక నుంచి కరెంటు లైట్లే. ఎండ కోసం పుట్టిన గాజుకి పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలియదు. ఆ కొరత తీర్చేది డాఫొడిల్ టెర్రస్. లారెల్టన్ హాల్‌లో ఉన్నదాన్నే 2011లో కట్టిన కొత్త భాగంలో, బయటి వెలుతురు పడేలా పెట్టారు. ఎనిమిది పాలరాతి స్తంభాలు, తలల మీద పసుపు గాజు పువ్వుల గుత్తులు. మబ్బు తొలగి ఎండ వచ్చినప్పుడు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లాగి చూపించింది. పూరేకులన్నీ ఒక్కసారి వెలిగాయి.

సోమవారం సెలవు. టికెట్ థీమ్ పార్కులతో పోలిస్తే ఏమంత కాదు. మరీ చిన్నపిల్లలకి విసుగు పుడుతుంది, వాళ్ళని ఎవరికైనా అప్పజెప్పి వెళ్ళండి. ఎంబ్రాయిడరీ, నగల పని, ముగ్గులు, ఇలా ఏదో ఒకటి చేతిలో ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి. మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్తే చాపెల్‌లో బెంచీ ఖాళీగా దొరుకుతుంది.