చిక్‌పేటలో కిలో లెక్కన నిట్ గుడ్డ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇంట్లో బట్టలు కుట్టుకునే మన బెంగళూరు తెలుగు ఆడవాళ్లకు చెబుతున్నాను. నాకు జరిగింది మీకు జరగకూడదు.

మా అమ్మాయికి పీయూ కాలేజీ నుంచి రాగానే వేసుకోవడానికి వదులుగా, టీషర్టులా మెత్తగా ఉండే టాప్ కావాలంది. పోయిన నెల మెట్రోలో చిక్‌పేట వెళ్లాను. ఒక సందులో నిట్ గుడ్డ, అంటే టీషర్టులకు వాడే సాగే అల్లిక గుడ్డ, తూకానికి అమ్ముతున్నారు. నా మాట వినగానే దుకాణం అతను "రండక్కా, మాదీ హిందూపురమే" అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరిపోయింది. "తిరుప్పూర్ సరుకు, కాటన్ లైక్రా, 180 జీఎస్ఎం. ష్రింక్ అవదు, తడపక్కర్లేదు, నేరుగా కట్ చేసుకోండి" అన్నాడు. కిలో 480 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద తూకం, డబ్బు రాసిచ్చాడు.

మొదటి మోసం ఇంటికొచ్చి కొలిస్తేనే తెలిసింది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు ఉంటుందన్న లెక్క. 180 అయితే 36 అంగుళాల ట్యూబ్ గుడ్డ, అంటే విప్పితే 72 అంగుళాలు, కిలోకి సుమారు 3 మీటర్లు రావాలి. నాకు వచ్చింది రెండుంపావు. అంటే అది 240 పైమాటే. మూడు టాపులు అనుకున్నవి రెండే అవుతాయి, పైగా ఎండాకాలానికి మందం. తూకానికి కొనేటప్పుడు గుడ్డ మందమయ్యే కొద్దీ మన చేతికి వచ్చే మీటర్లు తగ్గిపోతాయి. అందుకే తూచిన వెంటనే అక్కడే టేపు పెట్టి కొలిపించుకోండి.

కుట్టులో నేను ఏ లోటూ చేయలేదు. నిట్ గుడ్డ పోగు తెగకుండా మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేశాను, సన్న జిగ్‌జాగ్ పెట్టాను, గుడ్డను లాగకుండా కుట్టాను. వేసుకుని చూసినప్పుడు చాలా బాగుంది. ఒక్క ఉతుకుతో అంతా పోయింది. చంక దగ్గర సరిగ్గా పక్కన మొదలైన కుట్టు, కిందికి వచ్చేసరికి నాలుగు వేళ్ల మేర ముందుకు తిరిగిపోయింది. 26 అంగుళాల పొడవు ఇరవై మూడున్నరకు దిగింది. మెడ పట్టీ సాగి సాగినట్టే ఉండిపోయింది. లైక్రా, అంటే రబ్బరులా సాగే పోగు, ఉంటే వెనక్కి రావాలి కదా! సింగిల్ జెర్సీలో, అంటే టీషర్టులకు వాడే ఇలాంటి పలుచని నిట్‌లో, నూలుకు ఉన్న మెలిక వల్ల గుడ్డ ఒక పక్కకు తిరగాలని చూస్తుంది. మిల్లులో ఫినిషింగ్ సరిగ్గా చేస్తే చాలా వరకు అదుపులో ఉంటుంది. ఈ గుడ్డకు అది చేసినట్టు లేదు.

మిగిలిన ముక్క మీద 10 అంగుళాల చదరం పెన్నుతో గీసి ఉతికి ఆరేశాను. పొడవు 9 అంగుళాలయింది, చదరం పక్కకు ఒరిగిపోయింది. ఈ పని కత్తెర పెట్టకముందే చేయాల్సింది, అతని మాట విని చేయలేదు. మీరు మాత్రం ముందు పావు మీటరు కొని ఇలా చూడండి, వీల్లేకపోతే మొత్తం గుడ్డను తడిపి ఆరబెట్టాకే కట్ చేయండి. లైక్రా ఉందో లేదో దుకాణంలోనే తెలుస్తుంది. 10 సెంటీమీటర్లు వేళ్లతో పట్టుకుని 15 దాకా లాగి వదలండి, మళ్లీ 10కి రాకపోతే తీసుకోకండి.

టాప్ పట్టుకుని వెళ్తే "కత్తెర పడింది, వాపసు లేదు" అన్నాడు. అక్కా అన్న పిలుపు కూడా లేదు. నిజానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. బిల్లు మీద గడువేదీ రాయకపోతే, లోపం ఉన్న సరుకును 30 రోజుల్లోపు వాపసు తీసుకుని డబ్బివ్వాలి. చీటీ, కొలిచిన ముక్క ఫోటోలు తీసి పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదు నమోదైంది, ఇంకా జవాబు రాలేదు. వచ్చాక ఇక్కడే రాస్తాను.