పిల్లల పోషణ ఎలా ఉందో తెలియాలంటే ఏది మేలు: పెద్ద సర్వేనా, ఊరి లెక్కనా?

నర్సంపేట దగ్గరి ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్ రెండేళ్ల పాప జబ్బకు కొలత టేపు చుట్టింది. గుర్తు పసుపు మీద ఆగింది. అంటే 11.5, 12.5 సెంటీమీటర్ల మధ్య, పోషణ ఒక మోస్తరుగా తగ్గిందని గుర్తు. అంతకంటే తగ్గితే ఎరుపు, అంటే తీవ్రమైన లోపం. "ఏం గాదు గదా మేడం?" అంది తల్లి, టేపు మీంచి చూపు తిప్పకుండా. సాయంత్రానికి టీచర్, ఆశ వర్కర్ కలిసి వాళ్లింటికి పోయారు. అంగన్‌వాడీలో ఇచ్చే పోషకాహార పొడి బాలామృతం పాప ఒక్కతే తింటోందా, ఇంట్లో పిల్లలందరికీ పంచుతున్నారా అని మెల్లగా అడిగారు. ఊరి లెక్క అంటే ఇదే: పొద్దున తీసిన కొలత పొద్దుగూకే సరికి పనిలోకి వచ్చింది.

పెద్ద సర్వే వల్ల ఇలా జరగదు. అలాగని దాన్ని తీసిపారేయలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పబట్టే తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తెలిసింది. అందరినీ ఒకే పద్ధతిలో పరీక్షిస్తారు కాబట్టి ఒక రాష్ట్రాన్ని ఇంకో రాష్ట్రంతో పోల్చి చూడొచ్చు. అయితే ఆ లెక్క జిల్లా దగ్గరే ఆగిపోతుంది. ఉమ్మడి వరంగల్ 2016లో ముక్కలైంది, ములుగు 2019లో విడిగా జిల్లా అయింది. ఆ సర్వేలో ములుగుకు వేరే లెక్క లేదు, పాత భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. ఏటూరునాగారం అడవి పల్లెల్లోని పిల్లలు, బొగ్గుగనుల పట్టణంలోని పిల్లలు ఒకే సగటులో కలిసిపోయారు. ఆ సగటు పట్టుకుని ఏ ఇంటి తలుపు తడతాం?

ఫోన్ యాప్ సంగతి కూడా ఉంది. 2021 నుంచి అంగన్‌వాడీల్లో పిల్లల కొలతలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ వాడుతున్నారు. అంకె పై అధికారులకు చేరడంలో ఆలస్యం లేదు. పక్కనే ఉన్న వార్డు సభ్యుడికి మాత్రం అది అంత తొందరగా తెలియదు.

నా మొగ్గు ఊరి లెక్కకే. కానీ దానికీ పెద్ద లోపం ఉంది, నేను కళ్లారా చూశాను. ఒకచోట బరువు మిషన్ మీద ఏమీ పెట్టకముందే ముల్లు 400 గ్రాములు చూపించేది. ఎన్ని నెలల నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. బరువు తక్కువున్న పిల్లలు కూడా రిజిస్టర్‌లో బాగున్నట్టే పడ్డారు. హనుమకొండ నుంచి వచ్చిన ఒక నర్సింగ్ విద్యార్థిని ముందుగా ఖాళీ మిషన్‌ను చూసింది కాబట్టి బయటపడింది. టీచర్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తప్పు ఆమెది కాదు. తూచేదీ ఆమే, అంకె తగ్గితే మాట పడేదీ ఆమే అయినప్పుడు ఆ లెక్కకు ఇంకో మనిషి తోడు కావాలి.

అందుకే ఊరి లెక్క ఒక్కటే చాలదంటాను, బయటివాళ్ల పొత్తు ఉండాలి. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో పనికో కమిటీ వేసుకున్నారు. తాగునీటి ప్లాంటుకు బాలవికాస సంస్థ తోడ్పడింది. 2007లో, పారిశుద్ధ్యానికి ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. బయటి సాయం తీసుకున్నా పని ఊరివాళ్ల చేతుల్లోంచి జారిపోలేదు. పిల్లల లెక్కకూ అదే దారి: నెలనెలా టీచర్ తూస్తుంది, మూడు నెలలకోసారి పక్క ఊరి మహిళా సమాఖ్య సభ్యులో, కాలేజీ విద్యార్థులో వచ్చి పదిమంది పిల్లల్ని మళ్లీ తూస్తారు. తండాలు, ఎస్సీ కాలనీ నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే లెక్కలోంచి ముందు జారిపోయేది అవే. గోడ మీద అంకెలు రాయొచ్చు గానీ పిల్లల పేర్లు రాయకూడదు. ఏ తల్లీ ఊరి ముందు తలదించుకునే పరిస్థితి రావద్దు.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. వీధి దీపాలు, మోరీల కంటే ముందు ఆ సభలో ఈ నెల పసుపులో ఎంతమంది, ఎరుపులో ఎంతమంది, పోయిన నెల ఎంతమంది అని చదవాలి. చదవడానికి రెండు నిమిషాలు చాలు, కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.