సొంత మెయిల్ సర్వర్‌లో ఆర్‌స్పామ్‌డి: ఏళ్ల తరబడి వాడాక

స్పామ్ ఆపే ఆర్‌స్పామ్‌డి అనే ఫిల్టర్‌తో కాకినాడలో రెండు ఆఫీసుల మెయిల్ సర్వర్ నేను చూసుకుంటాను. ఒకటి బియ్యం ఎగుమతి చేసేది, రెండోది ఆడిటర్‌ది. రెండూ చిన్నవే. కానీ స్పామ్ విషయంలో ఇంతకంటే చిక్కైనవి దొరకవు. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం వెళ్తుంది. బెనిన్ నుంచో సెనెగల్ నుంచో ఎవరో కొత్త మనిషి, ఉచిత మెయిల్ చిరునామాతో, వచ్చీరాని ఇంగ్లీషులో, మాకు ఇన్ని టన్నులు కావాలి, ధర చెప్పండి అని రాస్తాడు. మోసగాళ్లు పంపేదీ అచ్చం అలాంటి మెయిలే. దొంగది వదిలేస్తే చెత్త పేరుకుంటుంది, అసలుది ఆపేస్తే ఆర్డరే పోతుంది. ఇక ఆడిటర్ ఆఫీసులో రిఫండు, నోటీసు, రిటర్ను అన్న మాటలు లేని మెయిలే ఉండదు. దొంగ మెయిళ్లకూ అవే మాటలు పెట్టుబడి.

అందుకే ఫిల్టర్ ఎంత స్పామ్ ఆపిందన్న లెక్క నాకు రెండో సంగతి. ఫలానా మెయిల్‌ను ఎందుకు ఆపావు, దీన్నెందుకు వదిలావు అని నిలదీస్తే జవాబు చెప్పగలగాలి. స్పామ్‌అసాసిన్ అనే మరో ఫిల్టర్ కూడా హెడర్‌లో (మెయిల్ తలకట్టులో) కారణాలు రాస్తుంది, కాకపోతే నా దగ్గర అది మెయిల్ పుచ్చుకున్నాక పరీక్షించేది. ఆర్‌స్పామ్‌డి మిల్టర్‌గా, అంటే మెయిల్ పుచ్చుకునే పోస్ట్‌ఫిక్స్ ప్రోగ్రామ్‌కు తోడు పరీక్షకుడిగా, పక్కనే ఉండి, పంపినవాడు ఇంకా లైన్లో ఉండగానే తీర్పు చెబుతుంది. ఈ తేడా పెద్దది. లైన్లో ఉండగానే 554 అనే కోడ్‌తో తిరస్కరిస్తే, నిజమైన కొనుగోలుదారుకు వాడి సర్వరే మీ మెయిల్ వెళ్లలేదని చెబుతుంది. వాడు ఫోన్ చేస్తాడు, వాట్సాప్ పెడతాడు. అదే పుచ్చుకుని జంక్ ఫోల్డర్లో పడేస్తే ఇటు మనకూ తెలియదు, అటు వాడికీ తెలియదు. పుచ్చుకున్నాక తిప్పి పంపితే ఇంకా ఘోరం, దొంగ పంపినవాడిగా పెట్టిన ఎవరో అమాయకుడి చిరునామాకు ఆ చెత్తంతా చేరుతుంది.

అయితే గొప్పంతా ఆర్‌స్పామ్‌డిదే అనడం న్యాయం కాదు. దాని ముందు పోస్ట్‌ఫిక్స్ వారి పోస్ట్‌స్క్రీన్ ఉంది, 2.8 వెర్షన్ నుంచి వస్తోంది. అది చేసే పని చాలా చిన్నది. కొత్తవాడు మెయిల్ వచ్చే తలుపైన 25వ పోర్టుకు వస్తే పలకరింపు సగం చెప్పి, ఆరు సెకన్లు ఆగుతుంది. మర్యాద తెలిసిన సర్వర్ మిగతా సగం కోసం ఆగుతుంది. స్పామ్ బాట్‌కు, అంటే స్పామ్ పంపే ప్రోగ్రామ్‌కు, అంత ఓపిక ఉండదు, తన పాఠం గబగబా అప్పజెప్పేస్తుంది. లాగ్‌లో ప్రీగ్రీట్ అని ఒక లైను, పక్కనే ఎన్ని సెకన్లకు నోరు తెరిచిందో, ఏమందో కూడా పడుతుంది. నా దగ్గర బాట్ల మంద చాలావరకు ఇక్కడే వెనక్కి పోతుంది, మెయిల్ లోపలేముందో ఒక్క అక్షరం చదవకుండానే.

పోస్ట్‌స్క్రీన్‌తో పాటు స్పామ్ పంపే ఐపీల (ఇంటర్నెట్ చిరునామాల) జాబితా స్పామ్‌హౌస్ జెన్‌ను కూడా అడుగుతాను. ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఆ జాబితాను గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ (పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే సేవ) ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ అసలు జవాబు ఇవ్వదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. మీ కాన్ఫిగరేషన్‌లో ఏ జవాబు వచ్చినా తిరస్కరించు అని ఉంటే, ప్రపంచంలో ప్రతి మెయిలూ వెనక్కి పోతుంది. సర్వర్లోనే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ ప్రోగ్రామ్ పెట్టుకుని దాని ద్వారా అడగాలి. 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు వచ్చే జవాబులనే లెక్కలోకి తీసుకోవాలి. అలాగే మూతపడ్డ జాబితాలను వెంటనే తీసేయాలి. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006లో మూతపడింది. 2008లో ఏ ఐపీ గురించి అడిగినా అవును, వీడు స్పామరే అనడం మొదలెట్టింది, అప్పటికీ దాన్నే నమ్ముకున్న సర్వర్లన్నీ మెయిళ్లు తిరగ్గొట్టాయి. సోర్బ్స్ అనే ఇంకో జాబితా 2024 జూన్‌లో ఆగిపోయింది. పాత గైడ్లు చూసి కాన్ఫిగరేషన్ ఎత్తి రాసుకునేవాళ్లు ఈ పేర్లు ఉన్నాయేమో చూసుకోండి.

ఇక అసలు సంగతి, స్కోరు. ఆర్‌స్పామ్‌డి ప్రతి మెయిల్‌కూ పదుల కొద్దీ పరీక్షలు పెట్టి, తగిలిన ప్రతిదానికీ ఒక సింబల్, ఒక అంకె రాస్తుంది. మొదట్లో వచ్చే అమరికలో మొత్తం 4 దాటితే కాసేపు ఆగి రమ్మంటుంది, 6 దాటితే స్పామ్ అని హెడర్ తగిలిస్తుంది, 15 దాటితే తిరస్కరిస్తుంది. ఆడిటర్ ఆఫీసుకు వచ్చిన ఒక దొంగ రిఫండు మెయిల్ చూడండి. పంపినవాడి పేరు ఆదాయపు పన్ను శాఖ. చిరునామా మాత్రం ఎప్పుడూ వినని డొమైన్‌ది. ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఈ సర్వర్‌కు ఉందా అని చూసే ఎస్‌పీఎఫ్ పాసయింది, మెయిల్ మీది డిజిటల్ సంతకం చూసే డీకిమ్ కూడా పాసయింది. ఎందుకు పాసవ్వదు, డొమైన్ దొంగదే అయినా దాని రికార్డులు వాడు శుభ్రంగా పెట్టుకున్నాడు. ఆ రెండు పాసులకూ కలిపి ఆర్‌స్పామ్‌డి తగ్గించిన స్కోరు 0.4 మాత్రమే. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ఎస్‌పీఎఫ్, డీకిమ్ పంపింది ఎవరో చెబుతాయి, వాడు మంచివాడా కాదా చెప్పవు. దీన్ని తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలుసని ఈ అంకెలే చెబుతున్నాయి. ఆ మెయిల్‌ను పట్టించింది లోపలున్న లింకు, జవాబు వెళ్లాల్సిన చిరునామా వేరే ఉచిత మెయిల్‌ది కావడం, బేయస్ లెక్క, అంటే పాత మెయిళ్ల మాటల నుంచి నేర్చుకుని వేసే అంచనా.

దాని తర్వాత ఒక నియమం నేనే చేర్చుకున్నాను. పంపినవాడి పేరులో ఆదాయపు పన్ను, జీఎస్టీ లాంటి మాటలుంటే ఒక సింబల్. చిరునామా గవ్ డాట్ ఇన్‌తో ముగిస్తే ఇంకో సింబల్. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఎనిమిది మార్కులు. జాబితాతో పోల్చే మల్టీమ్యాప్, సింబళ్లను కలిపే కాంపొజిట్ అనే రెండు మాడ్యూళ్లతో నాలుగైదు లైన్లలో అయిపోతుంది. ఎగుమతి ఆఫీసుకు దారి వేరు. ఆ డొమైన్‌కు తిరస్కరించే గీతను 15 నుంచి 20కి జరిపాను, ఉచిత మెయిల్ సింబళ్ల బరువు తగ్గించాను. ఫలానా దేశం నుంచి వస్తే బ్లాక్ అనే పని మాత్రం చేయలేదు, చేయను కూడా. మనం తిండిగింజలు అమ్మే దేశం నుంచి వచ్చే ప్రతి మాటనూ మోసం అనుకోవడం వ్యాపారంగానూ తప్పు, మనిషిగానూ తప్పు.

బేయస్ గురించి మన భాష వాళ్లకు ఒక మాట. కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు నేర్పేదాకా అది నోరు విప్పదు. స్పామ్ ఎక్కడైనా దొరుకుతుంది, మంచి మెయిళ్లే జాగ్రత్తగా నేర్పాలి. తెలుగు లిపిలో ఉన్నవి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, రెండూ నేర్పాను. రేపు బిల్లు పంపిస్తానండి అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే క్లయింట్లు బోలెడుమంది. ఆ మాటలు ఏ స్పామర్ సరుకులోనూ ఉండవు కాబట్టి, నేర్చుకున్నాక అవే ఆ మెయిళ్లను గట్టెక్కిస్తాయి. మెయిల్‌బాక్సులు చూసే డవ్‌కాట్‌లో ఐమ్యాప్ సీవ్ అనే అమరిక పెడితే, ఉద్యోగి ఒక మెయిల్‌ను జంక్‌లోకి లాగగానే స్పామ్‌గా, బయటికి లాగగానే మంచిదిగా నేర్చుకుంటుంది. రెండు ఆఫీసులకూ ఒకే బేయస్ పెడితే మాత్రం పొసగదు. ఆడిటర్ దగ్గర నోటీసు మంచిది, ఎగుమతి ఆఫీసులో నోటీసు దొంగది. లూవా భాషలో చిన్న కోడ్ తునకతో డొమైన్‌వారీగా విడగొట్టాను.

గ్రేలిస్టింగ్, అంటే కాసేపు ఆగి మళ్లీ పంపమనడం, కూడా ఇందులో మేలే. ఇదివరకు ఆ పని చేసే పోస్ట్‌గ్రే పెట్టినప్పుడు కొత్తగా వచ్చే ప్రతి సర్వర్‌నూ ఆగి రమ్మనేది, ఓటీపీలు గడువు దాటాక వచ్చేవి. ఆర్‌స్పామ్‌డి అనుమానం తగిలినవాటినే ఆపుతుంది. ఓటీపీ బాధ దాదాపుగా పోయింది.

లోపలికి వచ్చేదానికంటే మన సర్వర్ నుంచి బయటికి పోయే స్పామే ఎక్కువ ప్రమాదం. ఒకసారి ఆడిటర్ ఆఫీసు ఉద్యోగి ఒకరి పాస్‌వర్డు ఎక్కడో దొంగల చేతికి చిక్కింది. బయటికి వెళ్లాల్సిన మెయిళ్ల క్యూ ఉబ్బడంతో తెలిసింది. మెయిల్‌క్యూ కమాండ్ కొడితే ఎవరివో తెలియని వందల చిరునామాలు, వాటి మధ్య పంపినవాడి చిరునామా ఖాళీగా ఉన్న తిరుగు టపాలు. అలాంటప్పుడు ఒక్క క్యూ ఐడీ పట్టుకుని లాగ్‌లో వెతికితే చాలు. మొదటి లైన్లోనే క్లయింట్ ఐపీ, దాని పక్కన సాసల్ యూజర్‌నేమ్ ఈక్వల్ టు అని లాగిన్ అయిన ఖాతా పేరు ఉంటుంది. ఫ్రమ్‌లో ఏ పేరున్నా సరే, తలుపు తీసిన తాళం ఎవరిదో ఈ లైన్ చెప్పేస్తుంది. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన అప్పటికే తెరిచి ఉన్న సెషన్ తెగదు, పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మళ్లీ మొదలెట్టాలి. ఆ తర్వాతే ఆ ఖాతా పేరుతో క్యూలో ఉన్నవాటిని పోస్ట్‌సూపర్ కమాండ్‌తో తీసేయాలి. ఈ వరస తప్పితే నీళ్లు తోడుతూనే ఉండాలి.

అప్పటినుంచి రెండు కట్టుబాట్లు. లాగిన్ అయిన ఖాతా తన చిరునామాతో మాత్రమే పంపాలి, పోస్ట్‌ఫిక్స్‌లో సెండర్ లాగిన్ మ్యాప్స్ ఉన్నది ఇందుకే. ఆర్‌స్పామ్‌డి రేట్‌లిమిట్‌తో ఖాతాకు గంటకు ఇన్నే అని హద్దు. పాస్‌వర్డు ఊహించడానికి వచ్చే ఐపీలను ఆపే పని ఫెయిల్‌టూబ్యాన్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. మన ఐపీ ఏదైనా జాబితాలోకి ఎక్కితే కంగారుపడి ఎవరికీ డబ్బు కట్టొద్దు. స్పామ్‌హౌస్ నుంచి పేరు తీయించుకోవడానికి రుసుము లేదు, ముందు కారణం సరిచేయాలి అంతే.

ఎవడు పంపాడో ఆరా తీయాలంటే మెయిల్ ఏ సర్వర్లు దాటి వచ్చిందో చెప్పే రిసీవ్డ్ హెడర్లే ఆధారం. పై నుంచి కిందికి చదవండి. అన్నిటికంటే పైన ఉండేది మన సర్వర్ రాసింది, నమ్మదగ్గది అదొక్కటే. కిందున్నవి పంపినవాడు కల్పించి ఉండొచ్చు. మన లైన్లో కూడా పలకరింపులో వచ్చే హెలో పేరు వాడు చెప్పుకున్నది, చదరపు బ్రాకెట్లో ఉన్న ఐపీ మన సర్వర్ కళ్లారా చూసింది. ఆ ఐపీని, అది ఎవరిదో చెప్పే హూయిజ్‌లో వెతికితే ఫిర్యాదు చిరునామా దొరుకుతుంది. హెడర్లు మొత్తం జతచేసి పంపితే కొన్ని హోస్టింగ్ కంపెనీలు నిజంగానే చర్య తీసుకుంటాయి. ఉలకని పలకని వాటి నెట్‌వర్క్ నంబర్‌ను మల్టీమ్యాప్‌లో రాసి, అక్కడి నుంచి వచ్చే ప్రతిదానికీ కొన్ని మార్కులు ముందే వేస్తాను. పూర్తిగా బ్లాక్ చేయను, ఆ నెట్‌వర్క్‌లో ఏ చిన్న వ్యాపారి అయినా ఉండొచ్చు.

లోపాలూ ఉన్నాయి. లోకల్ డాట్ డి, ఓవర్‌రైడ్ డాట్ డి అనే రెండు ఫోల్డర్లలో ఒకటి మూల అమరికతో కలుస్తుంది, ఇంకోటి దాన్ని తోసేస్తుంది. కొత్తవాళ్లకు ఇది ఒంటబట్టడానికి చాలా సమయం పడుతుంది. వెబ్ పేజీలో చరిత్ర మామూలుగా 200 మెయిళ్లకే పరిమితం, పాతది కావాలంటే లాగే గతి. అందుకే లాగ్‌ను ఎక్కువ రోజులు దాచుకోండి. బేయస్ నేర్చుకున్నది నేను రెడిస్ అనే డేటాబేస్‌లో దాస్తాను, దాని మెమరీకి హద్దు పెట్టకపోతే చిన్న సర్వర్‌ను మింగేస్తుంది. వైరస్‌లు వెతికే క్లామ్ఏవీ కూడా కలిపితే దానికొక్కదానికే ఒక జీబీ పైన కావాలి. సొంతంగా నేర్చుకునే న్యూరల్ మాడ్యూల్‌కు మాలాంటి చిన్న ఆఫీసుల రద్దీ సరిపోదు, నేను ఆపేశాను.

ఇప్పటికీ దాటుకుని వస్తున్నవి పెద్ద ఉచిత మెయిల్ కంపెనీల సర్వర్ల నుంచే వచ్చేవి. ఐపీ శుభ్రం, ఎస్‌పీఎఫ్ శుభ్రం, డీకిమ్ శుభ్రం. లింకు కూడా ఏ పేరున్న ఫారం సర్వీసుదో అయి ఉంటుంది కాబట్టి లింకుల జాబితాలు పనిచేయవు. ఆ ఐపీలను ఆపితే ఆఫ్రికా కొనుగోలుదారులతో సహా అందరూ ఆగిపోతారు. ప్రస్తుతానికి ఫారం లింకు, పాస్‌వర్డు అన్న మాట, ముందెప్పుడూ రాయని చిరునామా, మూడూ ఒక్క మెయిల్‌లో కలిస్తే సబ్జెక్టు ముందు హెచ్చరిక తగిలిస్తున్నాను, తిరస్కరించడం లేదు. ఉద్యోగులు వాటిని జంక్‌లోకి లాగుతున్నారు, బేయస్ నేర్చుకుంటోంది, కానీ వారానికోసారి మాటలు మారుస్తున్నారు దొంగలు. దీనికి ఎవరైనా మెరుగైన కాంపొజిట్ రాసుకుని ఉంటే చెప్పండి, తప్పకుండా పెట్టి చూస్తాను.