ఎడిన్‌బరో పది ప్రశ్నల కాగితం: గర్భిణులకు ఎంతవరకు పనికొస్తుంది?

మనసులో దిగులు (డిప్రెషన్) ఉందేమో పసిగట్టే కాగితం ఇది. పేరు ‘ఎడిన్‌బరో పోస్ట్‌నేటల్ డిప్రెషన్ స్కేలు’, అంటే కాన్పు తర్వాతి దిగులు కొలత, అయినా దీన్ని కడుపుతో ఉన్నవాళ్లకీ వాడతారు. 1987లో కాక్స్, హోల్డెన్, సాగోవ్‌స్కీ తయారుచేశారు. ఖర్చు లేదు, వాళ్ల పేర్లూ మూలమూ వేసి కాపీలు తీసుకోవచ్చు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. అడిగేది గడిచిన 7 రోజుల సంగతే. ఐదు నిమిషాల పని.

దీని తెలివంతా అడగకుండా వదిలేసినవాటిలో ఉంది. దిగులు కనిపెట్టడానికే వాడే మరో ప్రశ్నల కాగితం పీహెచ్‌క్యూ-9లో నీరసం, ఆకలి, నిద్ర మీద విడివిడిగా ప్రశ్నలుంటాయి. వేవిళ్లతో ఉన్నావిడకి ఏ దిగులూ లేకపోయినా అక్కడ మార్కులు పెరిగిపోతాయి. ఇందులో నీరసం, ఆకలి ఊసే లేదు. నిద్ర గురించి ఉన్న ఒక్క ప్రశ్నా మనసు బాగోక నిద్ర పట్టట్లేదా అనే. తొమ్మిదో నెలలో పక్కకి తిరగలేక మెలకువ రావడం ఇందులోకి రాదు. ఆ తేడా విడమరిచి చెప్పాలి.

చిక్కంతా మార్కుల దగ్గర. మార్కులు ఎక్కువైతే దిగులు ఎక్కువని లెక్క. 1, 2, 4 ప్రశ్నలకి పై నుంచి కిందికి 0, 1, 2, 3. మిగతా ఏడింటికి తలకిందులు: 3, 2, 1, 0. చదవకుండా అన్నిటికీ పై జవాబుకే టిక్కు పెట్టేసిన మనిషికి 21 వస్తుంది. కూడేవాళ్లు అన్నిటినీ ఒకేలా లెక్కేస్తే ఆ 21 కాస్తా సున్నా అయిపోతుంది. అందుకే మార్కుల పట్టీ పక్కన పెట్టుకునే కూడాలి.

రెండో చిక్కు తెలుగు చేయడం. ఆరో ప్రశ్న ‘థింగ్స్ గెటింగ్ ఆన్ టాప్ ఆఫ్ మీ’ అనే ఇంగ్లిష్ నుడికారం. దాన్ని ‘అన్నీ మీద పడుతున్నాయా’ అని దించితే, ఇంటిపని గురించి అడుగుతున్నారనుకుని ‘అవును, అంతా నా నెత్తినే’ అంటారు. ‘తట్టుకోలేకపోతున్నానని అనిపిస్తోందా’ అంటేనే అర్థం దారిలో పడుతుంది. చదువురానివాళ్లకి చదివి వినిపించేటప్పుడు నాలుగు జవాబులూ చివరిదాకా చదవాలి, మొదటిదానికే తలూపితే సరిపెట్టుకోకూడదు.

పక్కన అత్తగారో అమ్మో కూర్చుంటే ఆ కాగితం దండగ. కడుపుతో ఉన్నప్పుడు ఏడవకూడదని ఇంట్లో రోజూ వినే మనిషి ఏడుస్తున్నానని వాళ్ల ముందు రాయదు. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రిలో జరిగే గర్భిణుల చెకప్ రద్దీలో, వరసలో నిలబెట్టి అడగడమూ అంతే. బీపీ చూడటానికి ఒక్కదాన్నే లోపలికి పిలిచినప్పుడు ఇవ్వడం మేలు.

10 నుంచి 12 వస్తే రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. 13, ఆ పైన వస్తే డాక్టరు మాట్లాడి తేల్చాలి. అది జబ్బు పేరు కాదు, అనుమానం మాత్రమే. ఈలోగా హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడటం మంచిది. పదో ప్రశ్న తనను తాను గాయపరుచుకోవాలనే ఆలోచన గురించి. దానికి సున్నా కానిది ఏదొచ్చినా, మొత్తం 4 ఉన్నా సరే, ఆరోజే కదిపి అడగాలి. ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా 108. మాట్లాడే మనిషి కావాలంటే మానసిక సాయానికి సర్కారు నడిపే ఫోన్ లైను టెలీ మానస్ 14416, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇది పట్టుకోలేనివీ ఉన్నాయి. నిద్రే అక్కర్లేదన్నట్టు హుషారుగా తిరుగుతూ, లేని మాటలు వినిపిస్తున్నాయనే గర్భిణికి ఇందులో తక్కువ మార్కులే రావచ్చు. అక్కడ కాగితం పక్కన పెట్టి వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి పంపాల్సిందే.