భీమిలి: ఊరు చూడండి, బస మాత్రం విశాఖలోనే

భీమిలిలో మేము దిగిన లాడ్జివారు ఏసీ గది అద్దె 1,800 రూపాయలని ఫోనులో చెప్పి, సామాను మేడ మీదికి చేర్చాక ఏసీకి 400, అదనపు పరుపుకు 300 వేరుగా కట్టమన్నారు. సముద్రం కనిపిస్తుందన్న కిటికీ తెరిస్తే పక్కింటి గోడ అడ్డంగా ఉంది. రాత్రి ఆగిపోయిన నీళ్లు తెల్లవారేదాకా రాలేదు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. మా ఆవిడ ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమైనదే.

పొద్దున్నే ఒడ్డుకు వెళ్లాక గానీ మనసులు కుదుటపడలేదు. వేట ముగించుకొచ్చిన పడవల పక్కన ఆడవాళ్లు కూర్చుని, వల కన్నుల్లో ఇరుక్కున్న కవ్వళ్లనే చిన్న చేపలను తెగకుండా వేళ్లతో వెనక్కి నెట్టి విడదీస్తున్నారు. వాళ్ల మోచేతుల దాకా పొలుసు అంటుకుని మెరుస్తోంది. కిలో 650 చొప్పున వంజరం కొంటే, దగ్గరి పాక హోటలు ఆమె 200 తీసుకుని మామిడికాయ వేసి పులుసు పెట్టింది. అంత మంచి భోజనం ఈ ప్రయాణంలో మరెక్కడా దొరకలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం కనుక ఆ రోజుల్లో వెళ్లకండి.

17వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడి, 1825లో ఊరిని ఆంగ్లేయులకు అప్పగించిన డచ్చివారి సమాధులను అరగంటలో చూశాం. మా నాన్నగారిని కదిలించినది మాత్రం చిట్టివలస జూటు మిల్లు. ఆటోకు రానుపోను 300 అయింది. గోగు కట్టలను చెరువులో నానబెట్టి, కుళ్లిన బెరడు నుంచి నార ఒలిచిన కుటుంబం మాది; జూటులాంటిదే అయిన ఆ గోగునార విదేశీ విపణిలో భీమునిపట్నం (భీమిలి) పేరుతోనే చెలామణి అయ్యేదని, ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే సరుకును పడవల మీద చేరవేసేవారని ఆయన గేటు దగ్గరే నిలబడి చెప్పారు. 2009లో మూతపడిన ఆ మిల్లు మీద ఎన్ని ఇళ్లు ఆధారపడ్డాయో తెలిపే చిన్న ప్రదర్శనశాల అయినా ఇక్కడ ఉండి తీరాలి.

విశాఖ నుంచి 900కె బస్సు తీరం వెంట నేరుగా వస్తుంది. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి, చేపల బేరం చూసి, మిల్లు వైపు వెళ్లి, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోండి. ఇక్కడే ఉండి తీరాలంటే ఏసీతో కలిపి మొత్తం అద్దె ఎంతో సందేశంలో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.