గుల్మర్గ్ మంచులో: బెంగళూరు నుంచి కుటుంబంతో వెళ్లేవాళ్ల కోసం

కశ్మీర్‌లోని గుల్మర్గ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది పొద్దున్నే శ్రీనగర్‌లో బయల్దేరతారు, గొండోలా, అంటే కేబుల్ కారు, ఎక్కి ఫొటోలు దిగుతారు, చీకటి పడేలోపు మళ్లీ శ్రీనగర్ చేరిపోతారు. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనే అలా వెళ్లొచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నన్ను అడిగినవాళ్లకి మాత్రం నేను ఒకటే చెబుతున్నాను. ఇంకేదైనా తగ్గించుకోండి గానీ, రెండు రాత్రులు గుల్మర్గ్‌లోనే ఉండండి. దూరం 50 కిలోమీటర్లే, కానీ జనవరిలో ఆ లెక్క పనిచేయదు. తంగ్‌మర్గ్ దగ్గర బండి ఆపి చక్రాలకు గొలుసులు కట్టాలి. అక్కణ్ణుంచి పైకి 13 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. కొత్తగా మంచు పడిన రోజు మామూలు కార్లను పైకి వదలరు, అక్కడి ఫోర్ బై ఫోర్ బండి మాట్లాడుకోవాలి. ఒకే రోజులో వెళ్లి రావాలనుకుంటే పగలంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. పైగా పొద్దున తొమ్మిదింటికి, టూరిస్టు బండ్లు ఇంకా రాకముందు, ఎవరూ తొక్కని మంచు మీద ఎండ పడే సమయం పైన పడుకున్నవాళ్లకే దొరుకుతుంది.

బస గురించి కాస్త గట్టిగా చెప్పాలి. గది ఎంత పెద్దది, కిటికీలోంచి కొండ కనిపిస్తుందా అన్నవి తర్వాత. ముందు అడగాల్సింది హీటింగ్ రాత్రంతా ఉంటుందా లేదా అని. మేం మొదట దిగిన హోటల్‌వాళ్లు ఫోన్‌లో "సెంట్రల్ హీటింగ్ ఉంది మేడం" అన్నారు. ఉంది, కాదనను, కానీ అర్ధరాత్రి జనరేటర్‌తో పాటు అదీ ఆగిపోయింది. మా అత్తయ్య డెబ్బై దాటిన మనిషి. జీవితమంతా హిందూపురం ఎండల్లో గడిపిన ఆవిడ, రెండు రజాయిల కింద తెల్లవార్లూ నిద్రపోలేదు. మర్నాడే ఇంకో చోటికి మారాం. అక్కడ గదిలో బుఖారీ, అంటే కట్టెల పొయ్యి, ఉంది. పరుపు మీద కరెంటు దుప్పటి వేశారు. గది చిన్నదే, అయినా అత్తయ్య హాయిగా పడుకున్నారు. కాబట్టి బుక్ చేసే ముందే మూడు విషయాలు వాట్సాప్‌లో రాయించుకోండి: హీటింగ్ ఏ గంట నుంచి ఏ గంట వరకు, కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపు నడుస్తుంది, పైపులు గడ్డకడితే వేడినీళ్లు బకెట్‌లో తెచ్చిస్తారా.

గొండోలాకి రెండు దశలు. మొదటిది 2,650 మీటర్ల ఎత్తున్న గుల్మర్గ్ నుంచి 3,080 మీటర్ల కొంగ్‌దూరి దాకా వెళుతుంది. అది 1998లో మొదలైంది. 2005లో వచ్చిన రెండోది అఫర్వత్ కొండ మీద 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, సీజన్‌లో త్వరగా అయిపోతాయి. ప్యాకేజీ తీసుకునేవాళ్లు "గొండోలా ఇన్‌క్లూడెడ్" అని ఉంటే ఏ దశ వరకో అడిగి తెలుసుకోండి. మా అభిప్రాయంలో పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు కొంగ్‌దూరి చాలు. కూర్చోడానికి, వేడిగా ఏదైనా తినడానికి అక్కడ చోటుంది, మంచులో ఆడుకోవడానికి కావలసినంత మైదానం ఉంది. పైదశ చేరేసరికి గాలి వత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతానికి పడిపోతుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కదా, మనకి అలవాటే అనుకోవద్దు. ఆ ఎత్తుకీ ఈ ఎత్తుకీ పొంతనే లేదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఎక్కకండి. మేం అత్తయ్యని కింద ఉంచి పైకి వెళ్లాం. వాతావరణం బాగుంది కాబట్టి దూరంగా నంగా పర్బత్ కనిపించింది. గాలి ఎక్కువగా ఉన్న రోజు రెండో దశ ఆపేస్తారు, అలాంటప్పుడు సిబ్బందితో గొడవపడేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఆ కొండల్లో విరిగిపడే మంచు చరియలు నిజంగానే ప్రాణాలు తీస్తాయి. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు అలాగే చనిపోయారు. హద్దు గీసిన చోటు దాటి ఎవరు తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు.

ఇక అసలు సంగతి, స్కీయింగ్, అంటే కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం. డబ్బు ఖర్చు పెట్టాల్సింది దీని మీదే. స్నో బైక్ మీద డ్రైవర్ వెనక కూర్చుంటే పది నిమిషాల్లో అయిపోతుంది. ఏటీవీ అనే నాలుగు చక్రాల బండి కూడా అంతే, మోత తప్ప ఏమీ మిగలదు. స్కీయింగ్‌కి అదే డబ్బుతో సగం రోజు మనిషిని పెట్టుకోవచ్చు, పైగా అది మన ఒంటికి వచ్చే విద్య. ఎండాకాలంలో గోల్ఫ్ ఆడే మైదానం పక్కన నెమ్మదిగా వాలే చోట్లు ఉన్నాయి, నేర్చుకునేవాళ్లందరూ అక్కడే ఉంటారు. గురువుని గుంపు కోసం కాకుండా మీ ఇంట్లోవాళ్ల కోసమే మాట్లాడుకోండి. బూట్లు పాదానికి సరిపోయేదాకా మార్పించండి. మడమ లోపల కదిలితే కాలు మన మాట వినదు. బిగుతు ఎక్కువైతే వేళ్లు మొద్దుబారతాయి.

మాకు నేర్పిన అబ్బాయి తంగ్‌మర్గ్ వైపు ఊరివాడు. మొదట నేర్పింది పడటం: వెనక్కి కాదు, పక్కకి పడాలి, చేతులు అడ్డం పెట్టకూడదు. తర్వాత లేవడం. ఆ తర్వాత స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించుకోవడం. దీన్ని స్నోప్లవ్ అంటారు. మోకాళ్లు కాస్త వంచి, బూటు ముందుభాగం మీద బరువు వేయాలి. భయపడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, వాలితే స్కీ ఇంకా వేగం అందుకుంటుంది. "కాళ్ల వైపు చూడకండి మేడం, ఎక్కడికి పోవాలో అక్కడికి చూడండి" అని ఆ అబ్బాయి విసుక్కోకుండా ఎన్నిసార్లు చెప్పాడో. మా పాప నాకంటే ముందే పట్టేసింది. మధ్యాహ్నానికి తనంతట తనే ఆగడం, మళ్లీ కదలడం చేస్తుంటే మావారు వీడియో తీయడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డారు. పద్ధతిగా నేర్చుకోవాలనుకునే పెద్దపిల్లలకు గుల్మర్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. అక్కడ కొన్ని రోజుల కోర్సులు పెడతారు. ముందుగా దరఖాస్తు చేసుకోవాలి.

స్లెడ్జి సంగతి వేరు. బండి దిగగానే చెక్క స్లెడ్జిలు లాగేవాళ్లు చుట్టూ మూగుతారు, వద్దన్నా కొంత దూరం వెంట వస్తారు. చిరాకు పడటం తేలిక. కానీ వాళ్లకు సంపాదన ఉండేది ఈ కొద్ది వారాలే, మనిషిని కూర్చోబెట్టుకుని మంచులో లాగడం చాలా కష్టమైన పని. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అన్నది ముందే మాట్లాడుకుంటే ఏ గొడవా ఉండదు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకి మహారాణి గుడి వైపు వెళ్లడానికి అదే ఆధారమైంది. "ఈ వయసులో మంచు మీద బండి ఎక్కానమ్మా" అని హిందూపురం అంతా ఫోన్ చేసి చెప్పుకున్నారు.

అక్కడి ఇంకో కొండ ఊరు సోన్‌మర్గ్‌ని ఇదివరకు చలికాలంలో మూసేసేవారు. 2025 జనవరిలో ఆరున్నర కిలోమీటర్ల సొరంగం తెరిచాక ఇప్పుడు వెళ్లొచ్చు. అయితే సమయం తక్కువుంటే దాని బదులు నేను రైలు చెబుతాను. శ్రీనగర్ నుంచి బనిహాల్ దాకా మంచు పొలాలు, ఆకులు రాలిన చినార్ చెట్లు, చివర్లో పీర్ పంజాల్ కొండల కింద 11 కిలోమీటర్ల సొరంగం. అంత తక్కువ ఖర్చుకి అంత అందం ఇంకెక్కడా చూడలేదు. పహల్గాం మేం ఈసారి పెట్టుకోలేదు. 2025 ఏప్రిల్‌లో అక్కడి బైసరన్‌లో పర్యాటకుల మీద జరిగిన ఉగ్రదాడి తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల భయాన్ని తేలిగ్గా తీసేయలేకపోయాం. వెళ్లాలనుకునేవాళ్లు ఏయే చోట్లు తెరిచి ఉన్నాయో అక్కడి టూరిజం శాఖ ద్వారా కనుక్కోండి.

తిండికి భయం అక్కర్లేదు, కశ్మీరీలూ అన్నం తినేవాళ్లే. అత్తయ్య మాంసం ముట్టరు. ఆవిడకి పెరుగుతో వండిన నద్రు, అంటే తామర తూళ్లు, ఎంతగా నచ్చాయంటే రోజూ అవే అడిగేవారు. మాంసం తినేవాళ్లు శ్రీనగర్ పాతబస్తీలో పొద్దున్నే హరీసా తినాలి. రాత్రంతా ఉడికించిన మాంసం అది, చలికాలంలోనే వండుతారు.

బట్టల విషయంలో జీన్స్, కాటన్ మానేయండి, తడిస్తే ఆరవు. లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు ఉండాలి. ఇవి బెంగళూరులో ట్రెకింగ్ సామాన్ల షాపుల్లో అద్దెకు దొరుకుతాయి. తంగ్‌మర్గ్‌లో అద్దెకిచ్చే గంబూట్ల కన్నా అది మేలు. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి, మంచు మీద నుంచి ఎండ నేరుగా కళ్లలోకి కొడుతుంది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

నెల విషయానికొస్తే, క్రిస్మస్ సెలవుల కోసం డిసెంబర్ చివర టికెట్లు కొనకండి. డిసెంబర్ 21 నుంచి జనవరి 29 దాకా ఉండే నలభై రోజుల గడ్డు చలిని అక్కడ చిల్లై కలాన్ అంటారు. దాని మొదట్లో చలి ఉంటుంది గానీ మంచు ఉంటుందన్న నమ్మకం లేదు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మర్గ్ నేల బోడిగానే ఉంది. 2025 ఫిబ్రవరిలో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్నే మార్చికి జరిపారు. జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మేలు. శ్రీనగర్ వాతావరణ కేంద్రం సూచనలు చూసుకుని, తేదీ మార్చుకోగల టికెట్లే తీసుకోండి. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి, ఎందుకంటే శ్రీనగర్‌లో మంచు పడినా ఢిల్లీలో పొగమంచు కమ్మినా విమానాలు ఆగిపోతాయి.