మారథాన్‌కి పల్చటి రన్నింగ్ సాండల్: మంచిదే, కానీ మొదటి జతగా వద్దు

అరికాలి కింద ఒక రబ్బరు పలక. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య నుంచి పైకొచ్చి, మడమ చుట్టూ తిరిగి, పక్కన బిగిసే ఒక తాడు. ఈసారి మారథాన్ ప్రాక్టీసంతా నేను వేసుకున్న సాండల్ ఇంతే. మెక్సికోలో రరామురి జనం వేసుకునే చెప్పుల నమూనాలో చాలా కంపెనీలు వీటిని చేస్తున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి కంపెనీ పేరు పక్కనపెట్టి ఈ రకం గురించే రాస్తున్నాను.

నా జత మందం 6 మిల్లీమీటర్లు. మడమకీ వేళ్లకీ ఎత్తులో తేడా సున్నా. మామూలు రన్నింగ్ షూలో చాలావాటికి మడమ వైపు 8 నుంచి 12 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువ ఉంటుంది. వినడానికి ఇదేమంత లెక్క అనిపిస్తుంది. ఆ ఎత్తు తీసేసిన మర్నాడు మెట్లు దిగేటప్పుడు పిక్కలు ఆ లెక్క చెబుతాయి. నాది రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం, కాబట్టి ఇంకాస్త గట్టిగానే చెప్పాయి.

వస్తువు బాగుంది. దాన్ని అమ్మడానికి వాడే మాటలతోనే నాకు పేచీ. వేసుకుంటే వట్టి కాళ్లతో పరిగెత్తినట్టే ఉంటుందంటారు. ఉండదు. వట్టి కాళ్లతో పరిగెత్తేవాళ్లకి దొరికే ముఖ్యమైన రక్షణ ఇందులో లేదు. ఆ రక్షణ అరికాలి చర్మం. చెప్పుల్లేకుండా తారు రోడ్డు మీద పరిగెత్తితే మొదట గొడవ చేసేది అదే. కొత్తలో ఒకటి రెండు కిలోమీటర్లకే చురచురమంటుంది, ఇక చాలు ఇంటికి పద అంటుంది. పాదంలోని సన్నటి ఎముకలకీ, పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్‌కీ దెబ్బ తగిలేంత దూరం మనల్ని వెళ్లనివ్వదు. ఈ సాండల్ వేసుకోగానే ఆ గొడవ ఆగిపోతుంది. ఎముకల మీదా టెండన్ మీదా పడే భారం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. దాంతో మొదటి వారంలోనే హాయిగా పది కిలోమీటర్లు కొట్టేసి, మూడో వారంలో పాదం మీద చెయ్యి వేస్తేనే నొప్పి అని కూర్చుంటారు.

ఇది నేను భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలు షూతో పరిగెత్తే 36 మందిని తీసుకున్నారు. వాళ్లలో 19 మందిని పది వారాలపాటు నెమ్మదిగా వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్‌కి, అంటే వేలికో గది ఉండే పల్చటి షూకి మార్చారు. ఎమ్మారై తీసి చూస్తే ఆ 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. నెమ్మదిగా మారినవాళ్ల సంగతే ఇది! కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. కొత్త భారం పడినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తొలుచుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. తొలవడం వారాల్లో అవుతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. కండరాలు అంతకంటే ముందే సర్దుకుంటాయి కాబట్టి, అలవాటైపోయిందిలే అని మనకి అనిపించే రోజుల్లోనే ఎముక బలహీనంగా ఉంటుంది.

అందుకే నేను ఈ సాండల్ కొనేముందు ఒక సీజన్ రేసులన్నీ వదిలేశాను. మామూలు షూతో రన్ ముగించి, చివర్లో షూ విప్పి చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో కాస్త దూరం. చర్మం ఒప్పుకున్నంతే. కాయలు కాసి మందమవుతాయని చాలామంది అనుకుంటారు గానీ, నా అరికాళ్లు మొరటుగా ఏం అవ్వలేదు. తోలు బెల్టులా నునుపుగా, గట్టిగా తయారయ్యాయి. ఆ దశ అయ్యాకే సాండల్ వేసుకుని దూరం పెంచాను. అప్పుడు దాని విలువ తెలిసింది. కంకర తేలిన రోడ్డు, ఎండకి కాలిన తారు, ఇరవై దాటిన కిలోమీటర్లు, వీటన్నిటినీ వట్టి కాళ్లతో చేయాలంటే నాలాంటివాళ్లకి ఏళ్లు పడుతుంది. ఎండ రోజుల్లో ఒక చిట్కా: రోడ్డు అంచున వేసిన తెల్ల గీత మీద పరిగెత్తండి. చుట్టూ ఉన్న తారు కంటే చల్లగా, నునుపుగా ఉంటుంది. సాండల్‌లో కూడా తేడా తెలుస్తుంది.

ఇక తాడు. ఈ వస్తువుతో వచ్చే గొడవల్లో ముప్పాతిక వంతు తాడుదే. గట్టిగా బిగిస్తే పాదం పైన ఎముక మీద ఎర్రటి గాటు పడుతుంది. వదులుగా వదిలితే అడుగడుక్కీ పలక అరికాలికి తగిలి టపటపమంటుంది, మడమ పక్కకి జారుతుంది. సరైన బిగువు దొరికిందనుకుంటే అది ఒక గంట వరకే. పరిగెత్తే కొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి, పొడవైన రన్‌లో మధ్యలో ఒకసారి ఆగి ఒక వేలు దూరేంత వదులు చేసుకోవాల్సిందే. వేళ్ల మధ్య తాడు రాసుకునే చోట మొదట్లో బొబ్బ వస్తుంది. కొద్ది వారాల్లో ఆ చర్మం గట్టిపడుతుంది, కానీ బొబ్బ పదే పదే వస్తుంటే తప్పు తాడుది కాకపోవచ్చు. అడుగు ముందుకి చాచి వేస్తూ బ్రేకు కొడుతున్నారన్నమాట. పాదం సాండల్‌లో ముందుకి జారి తాడుని గుద్దుకుంటోంది. అడుగు చిన్నది చేసి, కాలు ఒంటి కిందే పడేలా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది.

అడుగున ముడి ఉండే పాత తరహా వద్దు. ముడి రోడ్డుకి రాసుకుని పీచులు లేస్తుంది, ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. తాడు చివర రబ్బరులోకి దిగి ఉండేలా బిళ్ల అమర్చినది తీసుకోండి. అయినా సరే, పొడవైన రన్‌కి ముందు సాండల్ తిప్పి ఆ బిళ్ల అంచు చూడటం నాకు అలవాటు. నడుం బెల్టులో ఒక తాడు అదనంగా పెట్టుకుంటాను, బరువేం ఉండదు.

తిప్పి చూసినప్పుడు ఇంకో సంగతి తెలుస్తుంది. అరుగుదల. నాకు చిటికెన వేలి కిందా, దాని వెనకా సమానంగా అరిగింది. అది సరే. బొటనవేలి కింద గుండ్రంగా గీతలు పడ్డాయంటే పాదం నేల మీద తిరుగుతోందని అర్థం. మడమ మూల కోసేసినట్టు అరిగితే మెత్తటి షూలో పరిగెత్తిన అలవాటు ఇంకా పోలేదని. ఏ కోచ్ చెప్పకపోయినా ఈ రబ్బరు చెబుతుంది. అది తొందరగా అరగదు కూడా, షూలో స్పాంజి చచ్చినట్టు ఇందులో చచ్చేదేం లేదు.

తడిస్తే మాత్రం పనికిమాలినది. వాన పడ్డా, తల మీద నీళ్లు పోసుకున్నా పాదం పలక మీద సబ్బు రాసినట్టు జారుతుంది. మలుపుల్లో వేగం తగ్గించక తప్పదు. పైన గరుకు పొర అతికించినవి కొంత నయం. ఇసుక రేణువులు, చిన్న రాళ్లు దూరుతుంటాయి. సగం వాటంతటవే బయటికి పోతాయి, మిగతా సగానికి కాలు విదిలించాలి.

రేసు రోజు సంగతులు వేరు. మన టైమ్ నమోదు చేసే చిప్ షూ లేసుకి కట్టే రకమైతే సాండల్‌కి దాన్ని కట్టే చోటుండదు. చీలమండకి పట్టీ తీసుకెళ్లండి. గుంపులో వెనక నుంచి ఎవరైనా మడమ తొక్కితే తాడు జారిపోతుంది, కాబట్టి మొదటి రెండు కిలోమీటర్లు అంచునే వెళ్లాను. నీళ్ల స్టాళ్ల దగ్గర, రన్నర్లు శక్తి కోసం తిని పారేసిన జెల్ కవర్లు అడుగున అంటుకుంటాయి. నిబంధనల టెన్షన్ మాత్రం అక్కర్లేదు. పరుగు పోటీల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు రేసు షూకి అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదంటుంది గానీ, ఇంతకంటే పల్చగా ఉండకూడదని ఎక్కడా అనదు. వట్టి కాళ్లతో పరిగెత్తొచ్చు, ఒక కాలికే వేసుకుని పరిగెత్తినా ఒప్పుకుంటుంది! 35 కిలోమీటర్లు దాటాక నా పిక్కలు బరువెక్కాయి, మోకాళ్లు మాత్రం కిక్కురుమనలేదు. మెత్తటి షూతో పరిగెత్తిన రోజుల్లో సరిగ్గా దీనికి రివర్స్‌గా ఉండేది. భారం మాయం కాలేదు, మోకాలి నుంచి పిక్కకి దిగిందంతే.

దీన్ని సమర్థించేవాళ్లు ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా పేరెత్తకుండా ఉండరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ గెలిచాడు, నిజమే. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో షూ వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచింది కూడా ఆయనే, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ సాండల్ వల్ల వేగం పెరుగుతుందని, గాయాలు రావని ఎవరైనా చెబితే నమ్మకండి. గాయాలు తగ్గుతాయన్న ప్రచారం మీదే వైబ్రమ్ కంపెనీపై అమెరికాలో దావా పడింది, 2014లో తప్పు ఒప్పుకోకుండానే డబ్బు కట్టి రాజీ చేసుకున్నారు.

మరి ఎవరు కొనాలి? వట్టి కాళ్లతో అయిదారు కిలోమీటర్లు నొప్పి లేకుండా వెళ్లగలిగి, మారథాన్ దూరానికి చర్మం చాలనివాళ్లు. మారథాన్ ప్లాన్లు మామూలుగా 16 నుంచి 20 వారాలు. ఆ వారాల్లోనే షూ కూడా మార్చేద్దాం అనుకునేవాళ్లు ఈ రేసు పాత షూతోనే పరిగెత్తండి, సాండల్ ఎక్కడికీ పోదు. షుగర్ వల్లో, ఇంకే కారణం వల్లో అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు దీని జోలికి వెళ్లకండి.

కొనేటట్టయితే కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి సైజు చూసుకోమంటారు. కూర్చుని గీయకండి. బరువంతా ఆ కాలి మీద మోపి నిలబడి గీయండి, అదీ సాయంత్రం పూట. వేళ్ల ముందు కాస్త చోటు మిగలాలి, లేకపోతే దిగుడులో వేలి కొన బయటికొచ్చి రోడ్డుకి తగులుతుంది. మరీ ఎక్కువ మిగిలితే పలక ముందు అంచు మడతపడి తట్టుకుంటారు.